ఎవరి నట్టు వాళ్లే బిగించుకోవాలి

మొన్న మా మనవడికి సైకిలొచ్చింది. వచ్చిందంటే తొక్కుకుంటూ రాలేదు, అట్టపెట్టెలో పడుకుని వచ్చింది. పెట్టె విప్పితే చక్రాలు వేరు, హ్యాండిలు వేరు, పెడళ్లు వేరు. అడుగున ఒక చిన్న స్పానరు, బొమ్మలు గీసిన కాగితం. కొన్నవాళ్లే బిగించుకోవాలట. మా అబ్బాయి ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, బిగించి పంపడానికి వాళ్లకేం రోగమని కంటికి కనిపించని కంపెనీవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. ముసలాయనకు ఏదో అయిందని అందరూ నావైపు చూస్తుంటే లేచి వరండాలోకి వెళ్లి కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి నవ్వు పోయి బెంగ పట్టుకుంది.

ఎందుకంటే ఆ పద్ధతి కనిపెట్టింది ఏ కంపెనీవాళ్లూ కాదు. హిందూపురంలో మండీ వీధి చివర సైకిలంగడి పెట్టుకున్న ఒకాయన. ఆయన పోయి ముప్పయ్యేళ్లు దాటింది. పేరు రాయను. మొహమాటమేమీ లేదు గానీ, ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా అన్నా అనేవాళ్లం, వెనక సైకిలాయన అనేవాళ్లం. ఇప్పుడు పేరు రాస్తే ఇంకెవరి గురించో చెబుతున్నట్టుంటుంది.

పొట్టి మనిషి, పెద్ద చెవులు. ఆ చెవులు ఊరికే ఇవ్వలేదు దేవుడు. సైకిలు తీసుకుని పోతే ముందు దాని కథ వినేవాడు కాదు. తలకిందులుగా నిలబెట్టి, చక్రాన్ని ఒక్కసారి తిప్పి, కళ్లు మూసుకుని వినేవాడు. చక్రం ఆగేదాకా మనం నోరెత్తకూడదు. ఆగినాక కళ్లు తెరిచి, ఎన్నో స్పోకు వదులైందో వేలు పెట్టి చూపించేవాడు. సైకిలును ముట్టుకోబోయే ముందు చేతులు కడుక్కునేవాడు. ముట్టుకున్నాక కడుక్కునేవాడు కాదు. ఆ చేత్తోనే బీడీ, ఆ చేత్తోనే బొరుగులు. ఏమన్నా ఇది అంటే, కిరసనాయిలు కడుపులోకి పోతే పురుగులు చస్తాయనేవాడు.

మనుషులతో తెలుగు, సైకిళ్లతో కన్నడం. మా ఊళ్లో రెండూ అందరికీ వచ్చు, కానీ ఇట్లా పంచిపెట్టినవాడు ఈయనొక్కడే. తుప్పు పట్టిన నట్టు రానని మొండికేస్తే, స్పానరు మీద ఒరిగి, “బారో, బారో నన్నప్పా” అని, రారా నా తండ్రీ అంటూ చిన్నపిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు బతిమాలేవాడు. అది వచ్చేదాకా మన మొహం చూసేవాడు కాదు.

ఇక ఆయన పద్ధతి. చక్రానికి బెండు తీసినా, పంచరు వేసినా, పనంతా తనే చేసేవాడు. తీరా ముందు చక్రం నట్టు బిగించే వేళకు మాత్రం, సగం చేత్తో తిప్పి, స్పానరు మన చేతిలో పెట్టి పక్కకు తప్పుకునేవాడు. “ఎవురి నట్టు వాళ్లే బిగించుకోవల్ల. నా చేతిని నమ్మొద్దు” అనేవాడు. లోకంలో ఏ పనివాడైనా నా చేతిని నమ్మమంటాడు. ఈయన వద్దనేవాడు. దూరం పోయేవాళ్లకైతే శిక్ష ఇంకా పెద్దది. బయల్దేరే ముందటి రాత్రికి సైకిలునంతా విప్పి గోనెపట్ట మీద పరిచేవాడు. పోయేవాడు వచ్చి, ఆయన చెబుతుంటే, మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో తానే బిగించుకోవాలి. అప్పుడుగానీ ఆ సైకిలు పంచ దాటదు.

ఒకసారి హెడ్డు కానిస్టేబులు ఒకాయన ఉతికిన యూనిఫారంలో వచ్చి, ఇదేం సోకు, నువ్వే బిగించి ఇయ్యమని గద్దించాడు. మేమంతా ఇవాళతో ఈ వ్రతం ముగిసిందనుకున్నాం. సైకిలాయన రెండు చేతులతో స్పానరును తాంబూలంలా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. ఎంతసేపని నిలబడతాడని హెడ్డుగారు చూశాడు. వీధిలో జనం చేరారు. చివరికి ఆయనే టోపీ తీసి వంగి బిగించుకున్నాడు. ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ లేడీస్ సైకిలు మీద పల్లెలకు కాన్పులు చేయడానికి పోతుండేది. ఆమె మాత్రం అడగకముందే చెయ్యి చాపేది. ఈ ఊళ్లో చెయ్యంటే ఆయమ్మదే అని మాకందరికీ చెప్పి సిగ్గుపడేలా చేసేవాడు.

ఇదంతా ఆయన చాదస్తమని అందరం సరిపెట్టుకున్నాం. ఇంకో చాదస్తం కూడా ఉండేది. పెనుకొండ రోడ్డు మీద ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. ఆ రోడ్డు బాగుండదు, రైలెక్కి పొమ్మనేవాడు. బాగానే ఉండేది ఆ రోడ్డు. మా జిల్లాలో ఏ రోడ్డు ఎంత బాగుంటుందో అదీ అంతే బాగుండేది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఊరు హిందూపురమే, ఉద్యోగం ధర్మవరంలో ప్రాథమిక పాఠశాల పంతులు. యాభైల చివర్లో మా వయసు వాళ్లకు ఒక పిచ్చి ఉండేది, తుంగభద్ర డ్యాము చూడాలని. మేము పుట్టి బుద్ధెరిగినాక పెన్నలో నీళ్లకన్నా ఇసుకనే ఎక్కువ చూశాం. అంత నీళ్లు ఒకచోట నిలబడి ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు. తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్న నా మిత్రుడూ నేనూ దసరా సెలవుల్లో సైకిళ్ల మీద హోస్పేటకు పోవాలనుకున్నాం. నూట యాభై మైళ్లు, మూడు రోజులు. ధర్మవరంలో ఉన్నవాడు హోస్పేటకు పోవడానికి హిందూపురం రావడమేమిటని మీరడగొచ్చు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టే. కానీ సైకిలు సైకిలాయన దగ్గరుంది. ఆయన చెయ్యి పడకుండా అంత దూరం పోయే ధైర్యం నాకు లేదు.

ఆయన ముందునుంచీ మడకశిర మీద పొమ్మని ఒకటే పోరు. మేము వినలేదు. పెనుకొండ, అనంతపురం మీదుగా పోతే మా మిత్రుడి మేనత్త ఇంట్లో ఒక పూట భోజనం దొరుకుతుంది. భోజనం ఎటుంటే రోడ్డు అటు.

సాయంత్రం ధర్మవరంలో ఎక్కిన పాసింజరు రాత్రి ఎనిమిదికల్లా హిందూపురంలో దించాలి. ఆ రోజు ఇంజనుకు ఏమైందో, ప్రతి స్టేషన్లోనూ కూర్చుని ఆయాసం తీర్చుకుంది. పెనుకొండ చేరేసరికే పదిన్నర. అక్కడ ఇక లేవనంది. ప్లాట్‌ఫారం మీద ఉడకేసిన శెనక్కాయలు అమ్మే ఒకాయన ఉండేవాడు. ఎడమకాలు వంకర, చంకలో కర్ర, మెడకు గంప. రెండేళ్లుగా ఆ దారిన వచ్చిపోతూ ఎన్నిసార్లు ఆయన దగ్గర కొన్నానో లెక్కలేదు, మొహం చూసి మాట్లాడింది లేదు. ఆ రాత్రి బండి కదలక, కొనేవాళ్లు లేక, కిటికీ పక్కన వచ్చి నిలబడ్డాడు. నా ఒళ్లో ఉన్న గాలి పంపు చూసి, ఎక్కడికి మోసుకుపోతున్నానని అడిగాడు. చెప్పాను. సైకిలు ఎవరి దగ్గరుందని అడిగాడు. అదీ చెప్పాను.

అంతే, గంప వంచి నా తువ్వాల్లో శెనక్కాయలు పోయడం మొదలుపెట్టాడు. చాలన్నా ఆపలేదు, దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు.

“ఆయన మాయన్నప్పా” అన్నాడు. “రేపు పగలు నా బిడ్డకు పేరు పెడ్తాండాము. పెండ్లైన తొమ్మిదేండ్లకు పుట్టినాది. రెండు జాబులు రాయించినా, జవాబు ల్యా. నువ్వు చెప్పు. రాకుంటే పోయె, పాప పుట్టిందని తెలిస్తే సాలు.”

అన్నదమ్ములకు మాటల్లేకపోవడానికి కారణమేమిటని అడగడం బాగుండదని తెలిసీ అడిగాను. పదకొండేళ్ల కిందట అన్న దగ్గర సైకిలు తీసుకుని పెనుకొండకు వస్తూ ఎర్రమంచి దాటినాక దిగుడులో పడ్డాడట. కాలు పోయింది, సైకిలూ పోయింది. కాలు సంగతి వదిలేసి సైకిలు గురించే బాధపడ్డాడు ఆయన. అన్న పానం పెట్టి చేసుకున్న సైకిలును నుజ్జు చేశాను, అందుకే కోపమేమో అన్నాడు. అంతలో బండి కదిలింది.

హిందూపురంలో దిగేసరికి పన్నెండున్నర. జట్కాలు లేవు, వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఇంటికి పోయి అమ్మను లేపితే మళ్లీ బయటికి పోనివ్వదు. పంపు భుజాన వేసుకుని నేరుగా మండీ వీధికి నడిచాను. పంచలో లాంతరు వెలుగుతూ ఉంది. సైకిలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందు రెండు గోనెపట్టలు. ఒకదాని మీద నా సైకిలు, రెండోదాని మీద మా మిత్రుడి సైకిలు, ఎముకలు విప్పేసినట్టు పరిచి ఉన్నాయి.

మా మిత్రుడు రాడని చెప్పాడు. సాయంత్రం వచ్చి గోనెపట్ట చూసి, జ్వరం వచ్చిందని ఇంటికి పోయాడట. సైకిలును చూస్తే వచ్చే జ్వరం కొత్తగా ఉందే అని ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నిద్ర, ఆకలి, తోడు రానివాడి మీద కోపం. ఐదింటికి బయల్దేరాలి, ఈ ఒక్కసారికి నువ్వే బిగించెయ్యమన్నాను. తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను. ఊపాడు. అప్పుడు నోరు జారాను. పనివాడివి పని చెయ్యక ఈ వేషాలేమిటన్నాను. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాణ్ణి.

ఆయనకు కోపం రాలేదు. “నిద్ర వస్తాంటే పండుకో అయ్యవారూ. రేపు గాకుంటే ఎల్లుండి పో. డ్యాము యాడికీ పోదు” అన్నాడు.

అయ్యవారంటే మా వైపు పంతులు. మీసం సరిగా రాని నన్ను ఆయన అట్లా పిలిచినప్పుడల్లా నాకు సిగ్గేసేది. ఇంకేం చేస్తాను, కూర్చున్నాను. తువ్వాలు విప్పి శెనక్కాయలు మధ్యలో పెట్టి, ఆయన్నూ తినమన్నాను. ఒకటి వొలుచుకుని, ఇంత రాత్రప్పుడు ఎక్కడివని అడిగాడు. కోపంలో పడి మరిచిపోయిన కబురు అప్పుడు గుర్తొచ్చింది. పెనుకొండ స్టేషన్లో నీ తమ్ముడిచ్చాడు, బిడ్డ పుట్టిందట, రేపు పేరు పెడుతున్నారట, రమ్మన్నాడు అని గబగబా అప్పజెప్పాను.

ఆయన లేవబోయాడు. ఎందుకు లేవబోయాడో ఆయనకే తెలియదు. మోకాలు తగిలి కిరసనాయిల్లో నానుతున్న బేరింగు గుండ్ల పళ్లెం బోర్లా పడింది. ముందు చక్రానికి పక్కకు పది చొప్పున ఇరవై గుండ్లు, మిరియాలంత ఉంటాయి. పంచంతా దొర్లిపోయాయి. ఒక్కటి లేకున్నా చక్రం నడవదు. లాంతరు కిందపెట్టి ఇద్దరం చేతుల మీద మోకాళ్ల మీద పాకుతూ వెతకడం మొదలుపెట్టాం. పద్నాలుగు దొరికాయి. పదహారు దొరికాయి. ఆయన బల్ల కిందికి తల దూర్చి, నాకు వీపు మాత్రమే కనిపించేట్టు ఉండి, అక్కడినుంచి మాట్లాడాడు. గొంతు నేలకు తగిలి వచ్చినట్టు వినిపించింది.

“వాడు పడల్యా అయ్యవారూ, నేను పడదోస్తి. ముందు చక్రం నేనే ఎక్కిస్తి. నట్టు చేత్తో తిప్పినా. స్పానరు ఏద్దామనుకుంటుండంగ ఎవుడో గాలి కొట్టమని పిలిసె. పోతి. తిరిగి సూసేసరికి వాడు సైకిలెక్కి పోతాండాడు. బిగిస్తినా లేదా అని ఆలోచన చేస్తాన్నా. వాడింకా వీధిలోనే ఉండాడు. మలుపు దాక కండ్లకు కనపడతానే ఉండాడు. ఒక్క కేకేసింటే నిలబడేటోడు.”

నేను వెతకడం ఆపేశాను.

“కేకెయ్యల్యా. ఇంతమందిలో, నట్టు బిగించడం మరిసినానని ఎట్ల అరిసేదని. బిగించే ఉంటాలే అనుకుంటి.”

తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి పోయాడట. నిద్రపోతున్నాడు, కట్టు కట్టిన కాలు దుప్పటి బయట ఉంది. లేచేలోగా వచ్చేశాడు. పదకొండేళ్లయింది, మళ్లీ పోలేదు. జాబులు వచ్చాయి. ఏం రాసి ఉంటుందోనని ఇంకొకరి చేత చదివించుకోవడానికి భయపడి, స్పానర్ల పెట్టె అడుగున దాచాడు. ఆయనకు చదువు రాదు. నేను అక్కడే ఉన్నాను, పంతుల్ని, వారానికోసారి వచ్చేవాణ్ణి. నాకూ ఇవ్వలేదు.

అంతవరకు నేను చాదస్తమని నవ్వుకున్నదంతా అప్పుడు మెడ మీద పడింది. పనివాడివి వేషాలేమిటని పది నిమిషాల కిందటే అన్న నోరు కూడా నాదే. మిగతా గుండ్లు వెతికాను. ఇరవయ్యోది దొరికేసరికి రెండు దాటింది.

రేపు నాతో రా అన్నాను. మిత్రుడి సైకిలుంది కదా, పెనుకొండ దాకా రా, మాపటికి రైలెక్కి వచ్చేద్దువు. మడకశిర మీద పో అన్నాడు. నేను పెనుకొండ మీదనే పోతాను, నీ తమ్ముడు అడిగితే ఏం చెప్పను అన్నాను. ఆయన గ్రీజు అందిస్తూ, గుండ్లు ఎట్లా పేర్చాలో చూపిస్తూ, నా చేత నా సైకిలు బిగింపజేయడంలో పడ్డాడు. అన్నీ అయి చివరికి ముందు చక్రం కూడా బిగించేసరికి నాకు కళ్లు మూసుకుపోయాయి. స్పానరు చేతిలో పట్టుకునే గోనెపట్ట మీద ఒరిగిపోయాను.

ఎవరో తట్టి లేపితే తెల్లవారుతోంది. సైకిలాయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. చేతులు ఇసుక పెట్టి రుద్దినట్టున్నాడు, గోళ్లు తెల్లగా ఉన్నాయి. అట్లాంటి గోళ్లతో ఆయన్ను నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. రెండో సైకిలు బిగించి గోడకు ఆనించి ఉంది. క్యారియరుకు ఒక చిన్న మూట.

“పా” అన్నాడు.

పెనుకొండకు ఇరవై నాలుగు మైళ్లు. మామూలుగా మూడు గంటలు. మాకు ఐదు గంటలు పట్టింది. ప్రతి మైలురాయి దగ్గరా దిగి ముందు నట్టు పట్టుకుని చూసుకునేవాడు. తనది చూసుకుని, నావైపు చూసేవాడు. నేనూ దిగి నాది చూసుకునేవాణ్ణి. సోమందేపల్లిలో టీ తాగాం. ఎదురుగా ఒక సైకిలంగడి ఉంటే దాని వైపు చూస్తూ, ఇప్పుడైతే ఉంది గానీ అప్పట్లో హిందూపురం దాటితే పెనుకొండ దాకా గాలి కొట్టేవాడు కూడా లేడని చెప్పాడు. అప్పట్లో అంటే ఎప్పుడో నాకు తెలుసు. టీ సగం వదిలేశాడు.

ఎర్రమంచి దాటినాక రోడ్డు దిగుడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కార్లు తయారవుతున్నాయి, పెద్ద పెద్ద లారీల మీద ఎక్కించుకుని పోతుంటారు. అప్పుడు రెండు వైపులా శెనక్కాయ చేలు, రాళ్లు. ఆయన సైకిలు దిగి నడిపించుకుంటూ పోయాడు. నేనూ దిగాను. ఎక్కడ పడ్డాడో ఆయనకు తెలియదు కాబట్టి ఆ దిగుడంతా నడిచాడు. ప్రతి రాయినీ ఇదేనేమో అన్నట్టు చూశాడు. కొండ మీద కోట కనిపిస్తున్నప్పుడు, ఇక్కడి నుంచి వెనక్కి పోదామా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను, రాత్రి ఆయన ఊపినట్టే.

తమ్ముడి ఇల్లు సందులో, చిన్నది. వాకిట్లో చుట్టాలు పది పన్నెండుమంది ఉన్నారు. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన. మమ్మల్ని చూసి తమ్ముడు కర్ర కూడా తీసుకోకుండా లేచాడు. కాళ్లకు నీళ్లు తెమ్మని భార్యను కేకేశాడు. సైకిలాయన గడప దాటలేదు, కాళ్లు కడుక్కోలేదు. చెంబు పట్టుకుని ఆమె నిలబడే ఉంది.

“నట్టు నేను బిగించల్యారా” అన్నాడు. “తెలిసి గూడ కేకెయ్యల్యా. అది చెప్పల్లనే వస్తి.”

వాకిట్లో చుట్టాలు లేచి నిలబడ్డారు. పిలుచుకొచ్చిన పాపం నాదే కదా. తమ్ముడు అన్న మొహంలోకి కొంచెంసేపు చూశాడు. తర్వాత ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినవాడిలా తల గోక్కున్నాడు.

“నువ్వు బిగించినావో లేదో నాకు తెల్దన్నా. సోమందేపల్లి కాడ పంచరు పడె. ఆడ అంగట్లో స్పానరు అడిగి తీసుకోని, చక్రం ఊడదీసి, పంచరేయించి, మళ్ల నేనే బిగిస్తి. సరిగ్గ బిగించినట్ల లేను. తప్పు నాది. నీ సైకిలు పాడు చేస్తినని నీకు మొగం సూపించల్యాకపోతి.”

నేను సైకిలాయన వైపు చూడలేదు. చూస్తే నా మొహం బయటపెట్టేస్తుంది. పొద్దున టీ తాగుతూ ఆయన చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. లేని అంగట్లో స్పానరు ఎట్లా దొరికిందో తమ్ముడు ఆలోచించుకోలేదు. అన్న మొహం చూసి, ఉన్నపాటున ఆ కథ అల్లేశాడు. నిజమే అయి ఉండొచ్చని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ అరవయ్యేళ్లుగా తిప్పి తిప్పి చూసుకున్నాను, నాకైతే అబద్ధమే అనిపిస్తుంది. అంత మంచి అబద్ధం మళ్లీ వినలేదు.

సైకిలాయన అడగొచ్చు. ఏ అంగడి, ఎవరిది, ఎంత సైజు స్పానరు అని అడిగితే తమ్ముడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. గుండు పరిమాణం ఒక వెంట్రుకంత తప్పు చెబితే మమ్మల్ని గంటసేపు నిలబెట్టి తిట్టేవాడు ఆయన. నోరు తెరిచాడు. మూశాడు. చెంబు పట్టుకున్న మరదలి వైపు చూశాడు, తమ్ముడి కాలు వైపు చూశాడు.

“అట్లనా” అన్నాడు.

“అట్లనే” అన్నాడు తమ్ముడు.

“జూసి బిగించుకోవల్ల గదరా” అన్నాడు అన్న. అని, వంగి కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. చాలాసేపు పోసుకున్నాడు. మొహం మీద కూడా అవే నీళ్లు.

బిడ్డ చెవిలో పేరు ఆయన చేతే చెప్పించారు. క్యారియరుకు కట్టిన మూటలో ఏముందంటే సైకిలు బెల్లు, కొత్తది. ఆడపిల్లకు సైకిలు బెల్లేమిటని అవ్వలు నవ్వారు. ఆ పాప అది మోగినప్పుడల్లా ఏడుపు ఆపేది. ఓళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నాం. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని నెయ్యి గిన్నె అటూ ఇటూ జరుపుకున్నారు. జాబుల్లో ఏం రాయించాడో అన్న అడగలేదు, తమ్ముడూ చెప్పలేదు.

ఎండ కొంచెం వాలినాక నేను లేచాను. ఒంటరిగానైనా సరే డ్యాము చూడకుండా వెనక్కి పోనని పంతం. రాత్రికి చెన్నేకొత్తపల్లి చేరుకుంటే బడిలో పడుకోవచ్చు. చూశాను కూడా ఆ డ్యామును, నాలుగో రోజు. నీళ్లున్నాయి, చాలా ఉన్నాయి. దాని గురించి నాకు చెప్పుకునేంత జ్ఞాపకం లేదు.

సందులో సైకిలు నిలబెట్టుకుని, అలవాటు ప్రకారం స్పానరు తీసి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. సైకిలాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. స్పానరు అందుకోవడానికని నాకు వెంటనే అర్థం కాలేదు. నా చేతిలోంచి తీసుకుని, నన్ను పక్కకు జరగమని, తనే కూర్చున్నాడు. కుడివైపు నట్టు బిగించాడు. ఎడమవైపు బిగించాడు. స్పానరు రెండుసార్లు జారింది. లేచి, పొమ్మన్నట్టు తల ఊపాడు. నేను ఆ నట్లను ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఎక్కడం నాకూ అదే మొదటిసారి.

సందు చివర మలుపు యాభై గజాలుంటుంది. వాకిట్లో అందరూ నిలబడి చూస్తున్నారు. మలుపు దగ్గరికి వచ్చాను. ఇంకొక్క తొక్కు తొక్కితే వాళ్లకు కనిపించను.

అప్పుడు వెనకనుంచి కేక వినిపించింది. “అయ్యవారూ, నిలబడు.”

ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ అరవగా వినలేదు. సందులో ఉన్న ఇళ్లలోంచి మనుషులు బయటికి వచ్చారు. బ్రేకు వేసి కాలు కింద పెట్టాను. సైకిలాయన పంచె ఎగ్గట్టి, స్పానరు చేతిలో పట్టుకుని, అందరూ చూస్తుండగా పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. వచ్చి, నావైపు చూడకుండా చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, స్పానరు నట్టుకు పెట్టి బలమంతా వేసి తిప్పాడు. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“గట్టిగనే ఉండాది” అన్నాడు ఆయాసపడుతూ. “ఇంగ పో.”